క్లచ్ ప్లేట్లు మార్చే ముందు లివరూ ఆయిలూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో వర్షాకాలంలో ద్విచక్ర వాహనాల సంరక్షణ గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. టైర్లు, బ్రేకులు, చైను గురించి చెప్పిన మాటలన్నీ సబబుగానే ఉన్నాయి. అయితే "క్లచ్ జారుతుంటే ప్లేట్లు మార్పించుకోవాలి" అని ఒకే ఒక్క వాక్యంతో ఆ సంగతి తేల్చేయడం మాత్రం నాకు మింగుడు పడలేదు. నేను ఇరవై ఎనిమిదేళ్లు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అంత అనుభవం ఉండి కూడా సరిగ్గా ఆ వాక్యాన్నే నమ్మి నాలుగు వేల రూపాయల పైచిలుకు డబ్బూ, రెండు నెలల కాలమూ పోగొట్టుకున్నాను. అందుకే మీకు ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మా ఇంట్లో తొమ్మిదేళ్ల నాటి వంద సీసీ బండి ఒకటి ఉంది. పాడేరు దగ్గర ఒక పాఠశాలలో పనిచేస్తున్న మా మేనల్లుడు ప్రతి సోమవారం తెల్లవారుజామున చోడవరం నుంచి మాడుగుల మీదుగా ఆ బండి మీదే ఘాట్ ఎక్కుతాడు. నిరుడు జూన్‌లో బడులు తెరిచిన కొత్తలో ఒకరోజు, వెనక తోటి ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టుకుని, ముందు పుస్తకాల సంచి పెట్టుకుని బయలుదేరినవాడు వంట్లమామిడి చేరకముందే ఫోన్ చేశాడు. "మామయ్యా, బండి అరుస్తోంది గానీ ఎక్కడం లేదు" అన్నాడు. గేరు దించి చూడరా అన్నాను. దించినా అంతేనన్నాడు. ఏదో కాలిన వాసన వస్తోందని, కాగితాలు కాలుతున్నట్టుగా ఉందని కూడా చెప్పాడు. ఆ రెండు మాటలతోనే రోగం తెలిసిపోయింది, క్లచ్ జారుతోంది, అంటే ఇంజిను బలం పూర్తిగా చక్రానికి అందడం లేదు. కానీ ఆ జారుడు ఎందుకు పోవడం లేదో తెలియడానికి ఆగస్టు దాకా పట్టింది.

రోగం పేరు తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. బండికి లాగుడు తగ్గిందనగానే క్లచ్ అని తీర్మానించడమూ పొరపాటే. ఇంజిను నీరసించి కంప్రెషన్ తగ్గినా బండి ఎక్కదు, అయితే అప్పుడు ఇంజిను శబ్దం కూడా పెరగదు, కుమిలిపోతున్నట్టు వినిపిస్తుంది. వెనక బ్రేకు పట్టేసి ఉన్నా బండి బరువుగా నడుస్తుంది, అలాంటప్పుడు నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపి డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే వేడి తగులుతుంది. స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్లచక్రం) పళ్లు అరిగి చైను ఎగిరిపడుతుంటే టకటకమని చప్పుడు వస్తుంది. క్లచ్ జారినప్పుడు మాత్రం ఇంజిను ఉత్సాహంగా గొంతెత్తుతుంది, స్పీడోమీటరు ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీన్ని రూఢి చేసుకోవాలంటే ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద పై గేరులో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి చూడాలి. శబ్దమూ వేగమూ కలిసి పెరిగితే క్లచ్ పట్టు బాగున్నట్టే, శబ్దం ముందు పరుగెత్తి వేగం వెనకబడితే జారుతున్నట్టే. కింది గేర్లలో ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు, ఎందుకంటే అక్కడ చక్రం తేలిగ్గా తిరుగుతుంది. పై గేరులోనూ, ఎక్కుడులోనూ, ఇద్దరు కూర్చున్నప్పుడూ మొదట బయటపడుతుంది. కిక్ శక్తి క్లచ్ ప్లేట్ల గుండానే ఇంజినుకు చేరే మోడళ్లలో మరో గుర్తు కూడా ఉంది. కిక్ కొట్టినప్పుడు కాలికి బరువు తగలకుండా రాడ్డు జారిపోయినట్టు కిందికి దిగుతుంది, ఇంజిను మాత్రం తిరగదు.

ఆ సోమవారం సాయంత్రం మేనల్లుడు కొండ దిగి వస్తూ దారిలో ఒక చిన్న షెడ్డులో బండి చూపించాడు. అక్కడి కుర్రవాడు రెండు నిమిషాల్లో పని ముగించాడు. క్లచ్ కేబులు నట్టు తిప్పి లివరును బిగించి, "లూజుగా ఉంది సార్, టైట్ చేశాను, ఇక పట్టుకుంటుంది" అన్నాడట. లివరు గట్టిపడితే క్లచ్ కూడా గట్టిపడుతుందని మనలో చాలామంది నమ్మకం. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం.

క్లచ్ లోపల ఘర్షణ పూత ఉన్న ప్లేట్లూ ఉక్కు ప్లేట్లూ ఒకదాని పక్కన ఒకటిగా, పేర్చిన అట్ల దొంతరలా ఉంటాయి. వాటిని స్ప్రింగులు ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచుతాయి. మనం లివరు నొక్కితే ఆ స్ప్రింగుల నొక్కుడు తొలగి ప్లేట్లు విడిపోతాయి, వదిలితే మళ్లీ బిగుసుకుంటాయి. అంటే ప్లేట్లను పట్టి ఉంచేది స్ప్రింగులు, విడదీసేదే కేబులు. కేబులును మరీ బిగిస్తే, ఎవరో ఎప్పుడూ లివరును కొద్దిగా నొక్కి పట్టుకుని కూర్చున్నట్టే లెక్క. అందుకే లివరు చివర కొంత ఆట ఉండాలని, అంటే నొక్కడం మొదలుపెట్టాక కేబులు బిగుసుకునే లోపు లివరు ఖాళీగా కొంత కదలాలని ప్రతి బండి పుస్తకంలోనూ రాసి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని ప్లే అంటారు. మామూలు చిన్న బండ్లకు ఇది లివరు కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలవడానికి అర నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీన్ని పట్టించుకునే మెకానిక్కులు నాకు తక్కువగానే తగిలారు. వాడకంలో కేబులు సాగితే ఆట పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే దొంతర పలచబడి, దాన్ని నొక్కే భాగం విడదీసే భాగానికి దగ్గరగా జరుగుతుంది కాబట్టి ఆట తగ్గుతుంది. రెండూ ఏకకాలంలో జరుగుతూ ఉంటాయి. ఎవరూ నట్టు ముట్టుకోకుండానే లివరులో ఆట దానంతట అది తగ్గిపోతూ వస్తుంటే, ప్లేట్లు అరుగుతున్నాయని బండి చెబుతున్నట్టే. నెలనెలా కొలిచి పుస్తకంలో రాసుకునేవాడికి ఆ కబురు ముందుగానే అందుతుంది. కొలవకుండా తిప్పేసేవాడు మాత్రం ఆ ఆనవాలునే చెరిపేస్తున్నాడు. మా బండి విషయంలో ఆ కుర్రవాడు చేసింది అదే. మూడు రోజుల్లో బండి చదును రోడ్డు మీద కూడా జారడం మొదలైంది. నేను చూసేసరికి లివరు కొన దగ్గర ఆట రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే ఆ రెండూ కూడా మాయమయ్యాయి. కేబులు దారి సరిగ్గా లేకపోయినా, పైతొడుగు నలిగినా ఇలాగే అవుతుంది, అందుకే హ్యాండిల్‌ను రెండు పక్కలకూ తిప్పి కొలవాలి.

ఆట సరిచేశాను. కొంత నయమైంది గానీ పూర్తిగా పోలేదు. అప్పటికే మూడు రోజులపాటు సగం క్లచ్ మీద కొండెక్కిన బండి కదా, ప్లేట్లు కాలి ఉంటాయని నేనూ అనుకుని పట్టణంలో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. అక్కడ ప్లేట్లు, స్ప్రింగులు, కవరు ప్యాకింగు మార్చారు. ఆయిలు నేనే ఇచ్చాను. పాత ప్లేట్లు ఏవని అడిగితే స్క్రాప్‌లో వేసేశామన్నారు. ఆ ప్లేట్లు నిజంగా అరిగాయో, కేబులు తప్పు వల్ల పైపైన కమిలి ఊరుకున్నాయో, తొమ్మిదేళ్లూ అవే ఉన్నాయో, మధ్యలో ఎవరైనా మార్చారో నాకు ఈ రోజుకీ తెలియదు. వైద్యుడు పన్ను పీకితే ఆ పన్నయినా చేతికిస్తాడు.

నెల తిరగకుండానే ఘాట్‌లో అమ్మవారి పాదాల మలుపు దగ్గర బండి మళ్లీ అరిచింది. వర్క్‌షాపు యజమాని ఈసారి తడుముకోకుండా, వేసినవి డూప్లికేట్ ప్లేట్లు అయి ఉంటాయని, కంపెనీవి తెప్పించి వేస్తానని, కూలి మాత్రం సగమే తీసుకుంటానని అన్నాడు. అలాగేనని తల ఊపాను. ప్లేట్లు మళ్లీ మారాయి. ఇరవై రోజులకు మళ్లీ అదే కథ.

అప్పుడు ఇంటి వరండాలో గోనె పరిచి నేనే విప్పాను. విప్పడం పెద్ద విద్యేమీ కాదు. మా బండికి క్లచ్ కుడి వైపు ఉంటుంది. ఆయిలు దింపి, కిక్ రాడ్డు, కేబులు ఊడదీసి, కవరు బోల్టులు వరుసగా ఒక అట్టముక్కకు కవరు ఆకారంలోనే గుచ్చి పెట్టుకుంటే చాలు, తిరిగి బిగించేటప్పుడు ఏ పొడవు బోల్టు ఎక్కడిదో తడుముకోనక్కర్లేదు. స్ప్రింగుల బోల్టులను మాత్రం ఒకటి పూర్తిగా తీసి ఇంకోటి పట్టుకోకూడదు, ఎదురెదురువాటిని కొద్దికొద్దిగా వదులు చేస్తూ రావాలి. బిగించేటప్పుడూ అంతే. అవి చిన్న బోల్టులు, అవి దిగే స్తంభాలు అల్యూమినియంవి, బలం చూపిస్తే విరిగి వచ్చే ఖర్చు క్లచ్ ప్లేట్ల ఖర్చును మించుతుంది.

తీసిన ప్లేట్లను ఒక్కొక్కటీ వెర్నియర్‌తో, అంటే మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పరికరంతో కొలిచాను. ఇలాంటి బండ్లలో కొత్త ఘర్షణ ప్లేటు మందం సుమారు 3 మిల్లీమీటర్లు, ఇక మార్చాల్సిందేనని మాన్యువల్ చెప్పే హద్దు దానికి మిల్లీమీటరులో కొద్ది భాగమే తక్కువ. అందువల్ల కంటితో చూసి "అరిగింది", "అరగలేదు" అని చెప్పేవారి మాట నేను వినను. మా ప్లేట్లు దాదాపు కొత్తవాటి మందంతోనే ఉన్నాయి. అరిగినవి కావు, కానీ వాటి ముఖాలు గరుకుదనం పోయి, పాలిష్ చేసిన బూటులా మెరుస్తున్నాయి. స్ప్రింగులన్నీ పక్కపక్కన గాజుపలక మీద నిలబెడితే ఒకే ఎత్తులో ఉన్నాయి, వేడికి చచ్చిన స్ప్రింగు పొట్టిగా కనిపిస్తుంది. ఉక్కు ప్లేట్లలో రెండింటి అంచుల్లో నీలిరంగు తేలింది, అది జారుడు వల్ల పుట్టిన వేడి పెట్టిన ముద్ర. వాటిలో ఒకదాన్ని గాజు మీద పెట్టి చుట్టూ ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని ఉక్కు ఆకుల కట్ట) దూర్చి చూస్తే 0.2 మిల్లీమీటర్ల ఆకు ఒకచోట లోపలికి వెళ్లింది. చిన్న బండ్లలో సాధారణంగా అంతకు మించిన వంపు పనికిరాదు. సరే, ఒక్క ప్లేటు వంగింది. కానీ అది జారుడు వల్ల వచ్చిన ఫలితం, జారుడుకు కారణం కాదు. కొత్త ప్లేట్లు, కొత్త స్ప్రింగులు, కొలిచి పెట్టిన ఆట, ఇన్ని ఉన్నాక కూడా ఎందుకు జారినట్టు?

సమాధానం వరండా మూలన నా కళ్లెదుటే ఉంది. మా కోడలి స్కూటరుకు కొన్న ఆయిలు డబ్బాలు అక్కడ వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి మీద 10డబ్ల్యూ30 అని ఉంది. బండి పుస్తకంలోనూ 10డబ్ల్యూ30 అనే ఉంది. రెండూ ఒకటేననుకుని, ప్లేట్లు మార్పించిన రెండుసార్లూ ఆ డబ్బానే వర్క్‌షాపుకు పట్టుకెళ్లాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ వారు కూడా డబ్బా మూత తీసి పోశారే తప్ప దాని మీద రాసింది ఎవరూ చదవలేదు.

10డబ్ల్యూ30 అనేది ఆయిలు చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. మోటారు సైకిలులో క్లచ్ ఇంజిను ఆయిలులోనే మునిగి తిరుగుతుంది. గేర్లు లేని మన స్కూటర్లలో మాత్రం క్లచ్ బెల్టు పక్కన పొడిగా ఉంటుంది, ఆయిలు దాన్ని తాకదు. అందుకని స్కూటరు ఆయిలును వీలైనంత జారుడుగా చేస్తారు, అలా చేస్తే మైలేజీ కలిసొస్తుంది. అదే జారుడు బైకు క్లచ్‌కు చేటు. ఈ తేడా చెప్పడానికే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో జాసో టి903 అనే ప్రమాణం తెచ్చింది. తడి క్లచ్ ఉన్న బైకులకు పనికొచ్చే ఆయిలుకు ఎంఏ అని, ఘర్షణ తక్కువ ఉన్నదానికి ఎంబీ అని గుర్తులు పెట్టారు. ఆ తర్వాత ఎంఏలోనే ఎంఏ1, ఎంఏ2 అని విభజించారు, వీటిలో పట్టు ఎక్కువగా ఇచ్చేది ఎంఏ2. మా వరండాలోని డబ్బాల వెనక, మిరియపు గింజంత అక్షరాల్లో, జాసో ఎంబీ అని ఉంది. భూతద్దం పెట్టుకుని చదివాను. కార్లకు వాడే చాలా ఆయిళ్ల మీద ఇంధనం ఆదా చేస్తుందని గుండ్రటి ముద్రలో రాసి ఉంటుంది, అదీ ఈ కోవకు చెందిందే, బైకులో పోయకూడదు. కారుకు మిగిలిన అర లీటరును బైకులో పోసేసే పొదుపరులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

నేను డీజిల్ మెకానిక్ పాఠం చెప్పిన రోజుల్లో లారీలు, ట్రాక్టర్ల పొడి క్లచ్‌లు చూపించి, "క్లచ్ మీద ఆయిలు చుక్క పడితే పని అయిపోయినట్టే" అని పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి. ఆ పాఠమే నన్ను దెబ్బతీసిందేమో. ఆయిలులోనే బతికే క్లచ్‌కు ఆయిలు రకం కూడా ఒక విడిభాగం లాంటిదేనని తట్టలేదు. పాత బుల్లెట్లలో క్లచ్‌కు వేరే పెట్టె, దానికి వేరే ఆయిలు ఉండేది కాబట్టి అక్కడ ఇంజినులో ఏది పోసినా క్లచ్‌కు తెలిసేది కాదు. ఇప్పటి బండ్లలో ఇంజిను, గేర్లు, క్లచ్ మూడూ ఒకే కుండలో నీళ్లు తాగుతాయి.

తర్వాత చేసిన పని చిన్నదే. వంగిన ఉక్కు ప్లేటు ఒక్కటి కొత్తది వేశాను. మిగతావాటిని పెట్రోలుతో కడిగి, గాజు మీద సన్న ఎమరీ కాగితం పరిచి, ఘర్షణ ప్లేట్ల మెరుపు పోయేంత వరకు తేలిగ్గా రుద్ది, రాత్రంతా ఎంఏ2 ఆయిలులో నానబెట్టి తెల్లవారాక బిగించాను. పొడి ప్లేట్లను అలాగే బిగిస్తే ఇంజిను తిరిగిన మొదటి నిమిషాల్లోనే కాలే ప్రమాదం ఉంది. ఇంజిను లోపల పాత ఆయిలు ఎంతో కొంత మిగులుతుంది కాబట్టి, రెండు వందల కిలోమీటర్లు నడిపాక ఆ కొత్త ఆయిలును కూడా దింపి మళ్లీ పోశాను. మొదటి వారం పై గేరులో కొద్దిగా జారింది, రెండోసారి ఆయిలు మార్చాక ఆగిపోయింది. అందరికీ ఇలా కుదురుతుందని చెప్పలేను. పూత నల్లగా మాడినా, పెచ్చులు ఊడినా, మందం హద్దు దాటినా ప్లేట్లు మార్చాల్సిందే, రుద్దడం వల్ల ఉపయోగం ఉండదు.

మేనల్లుడి చేతి అలవాటు కూడా చెప్పకుండా ఉంటే అన్యాయం అవుతుంది. ఘాట్ మలుపుల్లో బస్సు ఎదురైనప్పుడు బ్రేకు వేసి ఆగకుండా, సగం క్లచ్ నొక్కి యాక్సిలరేటరుతో బండిని వాలు మీద నిలబెట్టేవాడు. మామూలుగా వెళ్తున్నప్పుడు కూడా రెండు వేళ్లు లివరు మీదే ఆనించి ఉంచేవాడు. లివరులో ఆట ఉన్నా, ఆ వేళ్ల బరువు దాన్ని తినేస్తుంది. ఈ మాట అన్నందుకు వాడు నాలుగు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

ఇంత రాసింది వర్క్‌షాపుల మీద కోపంతో కాదు. రోజుకు ఇరవై బండ్లు చూసే మనిషి ఒక్కో బండి దగ్గర గంట కూర్చోలేడని నాకూ తెలుసు. కానీ క్లచ్ జారుతోందని వచ్చిన బండికి కవరు విప్పే ముందు లివరు ఆట కొలిచి జాబ్ కార్డు మీద రాయడం, ఇంజినులో ఉన్నది ఏ ఆయిలో అడగడం, పోసిన ఆయిలు పేరుతో పాటు జాసో గుర్తును కూడా బిల్లులో రాయడం, తీసిన ప్లేట్లను కొలిచి చూపించి సొంతదారు చేతికి ఇవ్వడం, ఇవన్నీ కలిపినా పది నిమిషాలు కూడా పట్టవు. ఆయిలు అమ్మే దుకాణాల వారు కూడా స్కూటరు డబ్బాలను, బైకు డబ్బాలను వేర్వేరు అరల్లో పెట్టవచ్చు. మా ఊళ్లో నేను చూసిన మూడు దుకాణాల్లోనూ రెండూ కలిసే ఉన్నాయి, చిక్కదనం అంకె ఒకటే, డబ్బా రంగు కూడా దాదాపు ఒకటే.

మీ వ్యాసానికి కొనసాగింపుగా వచ్చే ఆదివారం నాలుగు వాక్యాలు వేయగలిగితే సంతోషిస్తాను. క్లచ్ జారుతుంటే మొదట లివరు కొన దగ్గర స్కేలు పెట్టి ఆట కొలవమనండి, తర్వాత ఆయిలు డబ్బా వెనక ఎంఏ ఉందో ఎంబీ ఉందో చదవమనండి, ఆ రెండూ సరిగ్గా ఉండి కూడా జారుతుంటేనే కవరు విప్పించమనండి, విప్పాక పాత ప్లేట్లు అడిగి తీసుకోమనండి. వీలైతే ఆ డబ్బా వెనక అక్షరాల ఫొటో ఒకటి పెద్దది చేసి వేయండి, నా వయసువారికి భూతద్దం వెతుక్కునే పని తప్పుతుంది.

ఇట్లు
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు
చోడవరం, అనకాపల్లి జిల్లా